అరువు వాసన

ఏంబలం బస్సు కొత్త బస్టాండులోంచి ఇంకా కదలనే లేదు, ముకుందన్‌కు అప్పుడే వీపంతా చెమట పట్టేసింది. కిటికీ పక్క సీటు, ఒళ్ళో పసుపు గుడ్డసంచి, సంచిలో కేశవ్ తుండు. సంచి మూతిని మడిచి, మళ్ళీ మడిచి, అరచేతుల కింద అదిమి పెట్టుకున్నాడు, లోపలి వాసన బయటికొస్తే పక్కనెవరైనా కనిపెడతారని. కనిపెడితే మాత్రం ఏమవుతుంది, ఒక ఒమేగా తుండు పట్టుకుని ఆల్ఫా ఇంటికి పోతున్నాడు అనుకుంటారు, శుభమా అని నవ్వుతారు, నెరిసిన తల చూసి ఇంకొంచెం ఎక్కువ నవ్వుతారు, అంతే కదా. అంతే అయితే సంచి మూతి మీంచి చెయ్యి ఎందుకు తియ్యలేకపోతున్నాడు? కండక్టరు తలుపు రెక్క మీద కొట్టి, విల్లియనూర్, ఏంబలం, పోలాం పోలాం అని అరుస్తున్నాడు, పోదాం పోదాం అని. పోదాం సరే, పోయి ఏం చెయ్యాలి? పోయి కేశవ్ తల్లి కనకం చేతిలో ఈ తుండు పెట్టాలి, ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, ఆమె మొహం వెలుగుతుంది, ఆ వెలుగును ఆయన కళ్ళారా చూడాలి.

ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో ఆల్ఫా తరఫువాళ్ళు సంబంధం అడగాలంటే నోటితో అడగరు, తుండు పంపుతారు. ఆ ఆల్ఫా భుజాన వేసుకుని తిరిగిన తుండు, ఎండకూ చెమటకూ తడిసి ఆరినది. ఇష్టమైతే ఒమేగా దాన్ని పున్నమి నుంచి అమావాస్య దాకా తలగడ కింద పెట్టుకుని పడుకుంటాడు, నీటిచుక్క తగలనివ్వడు, తర్వాత తనే తీసుకుపోయి ఆ ఇంటి పెద్దామె చేతికి ఇస్తాడు. రెండు ఒళ్ళ వాసనా కలిసిందని ఆమెకు తోస్తే తన భుజాన వేసుకుంటుంది. ఇక అది పెళ్ళి కింద లెక్కే, తాళీ భోజనాలూ తర్వాత మెల్లిగా జరుగుతాయి. ఇష్టం లేకపోతే ఉతికి, మడత పెట్టి పంపేస్తారు, ఎందుకని ఎవరూ అడగరు. మగవాడు మగవాణ్ణి చేసుకున్నాడని నోరెత్తేవాళ్ళు లేరు, ఒకరు ఆల్ఫా ఒకరు ఒమేగా అయితే చాలు, మగవాడైనా ఆడదైనా ఒమేగా కడుపు పండుతుంది, బిడ్డలు పుడతారు, ఇల్లు నిలుస్తుంది. నోరెత్తేది వయసుకే. కేశవ్‌కు ముప్పై మూడు. ముకుందన్‌కు యాభై అయిదు. ఒమేగాకు వేడి రోజులు వచ్చినంత కాలమే ఆ వాసన, ఆ వాసన ఉన్నంత కాలమే బిడ్డ ఆశ. ముకుందన్‌కు ఆ రోజులు రావడం ఆగిపోయి ఏడాదిన్నర అయింది. మరి తుండులో ఉన్న వాసన ఎవరిది?

బస్సు కదిలింది, గాలి వచ్చింది, గాలి వస్తే బాగుంటుందనుకున్నాడు, బాగా లేదు, సంచిని పొట్టకు ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. గాలిని నమ్మడానికి లేదు. ఇన్నేళ్ళూ ఆయన్ను కాపాడింది మిరపకారం. ముత్యాలుపేటలో పిండి మిల్లు ఆయనది, తెల్లారితే మిరపకాయలూ ధనియాలూ పసుపుకొమ్ములూ, మిల్లు మెట్టెక్కిన మనిషి తుమ్మకుండా దిగడు, ఎంత పదునైన ముక్కున్న ఆల్ఫా అయినా ఆ గదిలో మొద్దుబారిపోవాల్సిందే. వేడి రోజులు వచ్చినప్పుడూ ఆ కారమే కప్పింది, రావడం మానేసినప్పుడూ ఆ కారమే కప్పింది. ఆస్పత్రిలో డాక్టరు ప్రీతి, పిల్లలాంటి మనిషి, బల్ల మీద పెన్ను దొర్లిస్తూ చెప్పింది, అంకుల్, ఇంక రావు, ఇది జబ్బు కాదు, వయసు, ఒంటి వాసన కూడా తగ్గిపోతుంది, మీరేం దిగులు పడొద్దు అని. ఆయన దిగులు పడలేదు. సరేనమ్మా అని బయటికొచ్చి, ఎదురంగడిలో టీ తాగి, మిల్లు తెరిచాడు. ఎప్పుడో అద్దెకిచ్చి మరిచిపోయిన గది ఖాళీ అయిందని ఎవరో చెప్పినట్టుంది, అంతే. ఒంటిగాడికి అది ఉంటే ఏం, పోతే ఏం? అప్పటికి కేశవ్ ఆ మెట్టు ఎక్కలేదు మరి.

ఎక్కింది మోటారు కాలిపోయిన రోజున. పొగ, కాలిన వార్నిష్ కంపు, బయట గిన్నెలూ డబ్బాలూ పట్టుకుని జనం, మోటార్లు బాగుచేసే కేశవ్ చొక్కా విప్పి కొక్కానికి తగిలించి మోటారు కింద దూరాడు, తీగ చుట్టేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుంటాడు, అది ఆయన చూశాడు, చూసి చూపు తిప్పుకున్నాడు, మళ్ళీ చూశాడు. ఈ ఊళ్ళో చేతిపనివాడు అంగడివాణ్ణి మొదలాళీ అనే పిలుస్తాడు, యజమాని అని, అందులో ఏమీ లేదు, కానీ వాడు పిలిస్తే ఏదో ఉంది, కొంచెం ఎక్కిరింపు, కొంచెం గారం. మొదలాళీ, మీ మోటారుకు ఆయుసు అయిపోలా, మీరు సరిగా చూసుకోల్యా అంతే అన్నాడు. తర్వాత మోటారు బాగానే ఉన్నా వచ్చేవాడు, బెల్టు చూస్తానని, బేరింగు చూస్తానని. జనం లేని మధ్యాహ్నాలు గోతాల మీద కూర్చుని ఇద్దరూ ఒకే పొట్లంలోని పకోడీలు తిన్నారు. ఒకరోజు వాడు ఆయన మెడ దగ్గర ముక్కు పెట్టి, ఘాటుకు తుమ్మి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, నా ముక్కుకు మీరంటే మిరపకారమే మొదలాళీ, ఇంక వేరే వాసన తెలీదు అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన కూడా నవ్వాడు. నవ్వడం కూడా దొంగతనమేనా? వేరే వాసన లేదురా అక్కడ, ఉంటే కదా తెలియడానికి, అని అప్పుడే అనుంటే అయిపోయేది. నోట్లో పకోడీ ఉంది. పకోడీ ఎంతసేపు ఉంటుంది నోట్లో?

రెడ్డియార్‌పాళ్యం దగ్గర బస్సు ఆగింది, ఎవరో పూలబుట్టతో ఎక్కారు, మల్లె వాసన బస్సంతా పరుచుకుంది, ఆయనకు ఊపిరి కొంచెం తేలికయింది. ఇట్లాగే ఉంటే బాగుండును, ఈ బుట్ట ఏంబలం దాకా వస్తే, కనకం ఇంట్లోకి కూడా వస్తే. ఛీ, ఏం ఆలోచన ఇది, ఇంకా కప్పే ఆలోచనే. పకోడీ సంగతి వదిలెయ్, అప్పుడు వాడేమీ అడగలేదు. అడిగాడు కదా ఇంకోరోజు, సముద్రం ఒడ్డున, నల్ల బండల మీద. సాయంత్రమయ్యేసరికి ఆ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, పిల్లలు పరిగెత్తుతుంటారు, కేశవ్ ఉడికిన శనగల సుండల్ పొట్లం విప్పి ముందు ఆయన చేతిలో పోశాడు, ఒక పసివాడు వాడి కాలికి తగులుకుని పడితే లేపి, మోకాలి దుమ్ము తుడిచి, వాడి చేతిలో రెండు శనగలు పెట్టి పంపాడు. పంపి, ఆ పిల్లవాడు పోయిన వైపే చూస్తూ అడిగాడు, మొదలాళీ, మనకు అయితారా బిడ్డలు, మీ వయసుకు అయ్యేదేనా, నాకు తెలీక అడగతా ఉండా, తప్పుగా అనుకోవద్దండి. ఎంత మర్యాదగా అడిగాడు! ఆల్ఫాలు అట్లా అడగరు, వాళ్ళ గొంతులోనే ఒక ఆజ్ఞ ఉంటుంది, వీడు దాన్ని నేలదాకా వంచి అడిగాడు. ఈయనేమన్నాడు? చూద్దాం అన్నాడు. చూద్దాం. లేదు అని కాదు, అవుతుంది అని కాదు, అబద్ధమని ఎవరూ పట్టుకోలేని మాట. కేశవ్ మొహం ఎంత తెరుచుకుందో ఆ మాటకు, చూద్దాం అంటే సరే అన్నట్టే కదా మన ఇళ్ళల్లో. ఆ రాత్రి పడుకుని తనకు తాను చెప్పుకున్నాడు, రేపు చెబుతాను. రేపు మిల్లులో జనం. ఎల్లుండి వాడికి జ్వరం. ఆ తర్వాత వాడే నవ్వుతూ వచ్చి, ఈ తుండును గోతాల మీద పెట్టి, అమ్మ పంపింది, ఏడవకండి అన్నాడు, ఆయన అప్పటికే ఏడుస్తున్నాడు.

ఎందుకు ఏడుస్తున్నాడో వాడికేం తెలుసు.

అప్పుడైనా ఉతికి పంపేసి ఉండవచ్చు. పంపు కింద బకెట్ పెట్టాడు కూడా, నీళ్ళు నిండాయి, తుండు చేతిలో ఉంది, వాడి ఒంటి వాసన, గ్రీజు, ఎండ, ఇంకేదో పేరు లేనిది, వదల్లేకపోయాడు. తలగడ కింద పెట్టుకున్నాడు. పొద్దున తీసి వాసన చూశాడు, కేశవ్ ఉన్నాడు, తాను లేడు. ఆ మర్నాడూ లేడు. తుండంతా వాడే, తన తల కింద రాత్రంతా నలిగినా తాను అందులోకి దిగలేదు. చచ్చిన మనిషి పడుకున్న పరుపైనా ఇంతకంటే ఎక్కువ చెబుతుంది. అమావాస్యకు సగం రోజులు గడిచిపోయాయి, ఆ రోజే మేడ మీద ఉండే చెల్లెలి కూతురు నందితకు వేడి రోజులు మొదలయ్యాయి, పని మానేసి గదిలో పడుకుంది, లేచి స్నానానికి పోతూ నీలం చున్నీ కుర్చీ మీద పడేసింది. అక్కతమ్ముళ్ళకూ మేనమామా మేనకోడళ్ళకూ ఒంటి వాసనలో ఒక పోలిక ఉంటుందని పెద్దవాళ్ళు అంటారు, ఆయన మనసులో ఆ మాట ఎక్కడి నుంచి లేచిందో, చెయ్యి దానంతటదే పోయింది. చున్నీలో తుండు చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి, మూత వేసి, దాని మీద తానే కూర్చున్నాడు కాసేపు. మామా, నా నీలం చున్నీ చూశారా అని అడిగింది ఆ పిల్ల, తల తుడుచుకుంటూ, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి పాపం. లేదమ్మా అన్నాడు. మంచం కింద వంగి వెతికింది. ఒంట్లో నలతతో వంగి వెతికింది! పెళ్ళికాని పిల్ల ఒంటి వాసన తీసుకుపోయి ముక్కూ మొహం తెలియని ఇంట్లో పెట్టబోతున్నాడు, ఇంకొకడు ఈ పని చేసుంటే వాడి చెంప పగలగొట్టేవాడు తాను. కేశవ్‌ను మోసం చేశాడు, కేశవ్ తల్లిని చెయ్యబోతున్నాడు, వాళ్ళిద్దరికైనా కాళ్ళు పట్టుకుని చెప్పుకోవచ్చు, ఈ పిల్లకు ఏమని చెప్పాలి, నీ వయసు కాస్త అరువిచ్చావమ్మా అనా?

విల్లియనూరు వచ్చింది. పూలబుట్ట దిగిపోయింది. దిగేవాళ్ళను తోసుకుంటూ పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఎవరో ఎక్కారు, కేశవ్.

"ఏం మొదలాళీ, పక్క సీటు ఎవురికన్నా పట్టుకోనుండారా?"

"నువ్వేందిరా ఈడ? ఏంబలంలో గదా ఉండాల."

"అమ్మ తరిమింది. ఆయప్ప దారి తప్పిపోతాడేమో ఎదురుపో అని పొద్దున్నుంచీ ఒకటే పోరు. యాబై అయిదేండ్ల మనిషికి దారి తెలీదంట." కూర్చున్నాడు, మోకాలు ఆయన మోకాలికి తగిలింది. "పాయసం కాస్తా ఉండాది మీకోసరం. నాకు ఒక తూరి కూడా కాయల్యా."

కొత్త చొక్కా వేసుకున్నాడు, మడతలు ఇంకా పోలేదు, మెడ దగ్గర గుండుసూది గుచ్చిన రంధ్రం కూడా అట్లాగే ఉంది. ముకుందన్ ఆ రంధ్రం వైపే చూశాడు, కళ్ళ వైపు చూడలేదు. చెరుకు తోటలు మొదలయ్యాయి, రోడ్డుకు రెండు వైపులా ఒకటే పచ్చదనం, ఈ దారి ఇంత చిన్నదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. కేశవ్ సంచి మీద చెయ్యేశాడు.

"అమ్మకు ముందు నువ్వు చూడకూడదురా."

"చూడనులే. ముక్కుతో చూస్తా, కండ్లు మూసుకుంటా."

మూసుకున్నాడు నిజంగానే. మడతలు విప్పి, నవ్వు మొహం మీద అట్లాగే ఉంచుకుని వంగాడు, వంగినవాడు లేవలేదు. బస్సు ఒక చెరుకు లారీని దాటింది, ఇంకో బండికి దారిచ్చింది, వాడింకా వంగే ఉన్నాడు. లేచినప్పుడు నవ్వు లేదు, కోపం కూడా లేదు, లెక్క కుదరని తీగచుట్టను చూసినట్టు చూస్తున్నాడు సంచిని.

"ఇది మీది గాదు."

ముకుందన్ సంచి మూతిని మళ్ళీ మడిచాడు.

"మీ మేడ మీద ఫ్యాను బిగించినా గదా. ఆ గదిలో ఇదే వాసన. నందితది." గొంతు తగ్గించాడు, బస్సులో జనం ఉన్నారని కాదు, ఆ పిల్ల పేరని. "ఏంది మొదలాళీ ఇది?"

"నాకు లేదురా. ఆగిపోయింది."

"ఎప్పుడు?"

"నిన్ను చూడకముందే."

వాడు ముందు సీటు కమ్మీని పట్టుకున్నాడు. ఆ కమ్మీ మీద వేళ్ళు తెల్లబడ్డాయి. ఆల్ఫాకు కోపం వస్తే ఒళ్ళు జలదరిస్తుందంటారు, ఒమేగా మెడ దానంతటదే వంగిపోతుందంటారు, అట్లా ఏదైనా జరిగితే బాగుండునని ముకుందన్ ఎదురుచూశాడు. వాడు అరవలేదు.

"సముద్రం కాడ అడిగితిని గదా. నోరు తెరిచి అడిగితిని. చూద్దాం అంటిరే."

"అన్నాను."

"లేదు అనుంటే నేను పోతానని అనుకొన్నారా?"

"అనుకున్నా."

"పొయ్యుంటానో ఏమో, నాకే తెలీదు. నన్ను తెలుసుకోనిచ్చుంటే గదా." కిటికీలోంచి బయటికి చూశాడు, ఆయన మీదుగా చూశాడు, ఆయన అక్కడ లేనట్టు. "నాకు బిడ్డంటే ఆశ మొదలాళీ. చానా ఆశ. పేరు కూడా అనుకోనుండా."

"ఏం పేరు?"

"ఇప్పుడు మీకు చెప్పను."

అది తిట్టయి ఉంటే బాగుండేది. తిట్టు తగిలిన చోటే ఆగిపోతుంది, ఈ మాట ఆగలేదు, లోపలికి పోతూనే ఉంది. పేరు పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టుకున్నాడు, మోటారు కిందా, బస్సులో నిలబడా, రాత్రి మంచం మీద పడుకునా? ఎన్నాళ్ళు పిలుచుకున్నాడో లోపల్లోపల. తాను చూద్దాం అన్న రోజున ఆ పేరు గట్టిపడి ఉంటుంది. తనకు డెబ్భై వస్తే వీడికి నలభై ఎనిమిది, అప్పుడు వీడు తన మందులు కొనుక్కొస్తాడు, మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుంటాడు, ఆ చేత్తో పట్టుకోవాల్సింది బిడ్డ చేతిని. ఇదంతా తెలిసే చేశాడు. తెలియక చేశానని చెప్పుకోవడానికి చిన్న సందు కూడా లేదు.

"నేను ముందు స్టాపులో దిగిపోతా కేశవా. ఉతికి పంపిస్తా. ఎవురూ ఏమీ అడగరు, నీకూ మాట రాదు."

"ఆఁ, అది సులువు." ఇప్పుడు కోపం వచ్చింది వాడికి, చెవులు ఎర్రబడ్డాయి. "ఉతికి పంపేసి మీరు మిల్లులో కూర్చుంటారు, కారం కొట్టుకుంటా. నేను మా యమ్మకు ఏమని చెప్పేది? దిగండి నాతో. మీరే చెప్పండి."

"నువ్వు?"

"పక్కన నిలబడతా. మాట సాయం అడగొద్దు, చెయ్యను."

ఏంబలంలో దిగి నడిచారు. కేశవ్ ముందు, ఆయన వెనక, సంచి ఆయన చేతిలోనే. ఇంటి అరుగు మీద కనకం కూర్చుని ఉంది, వీళ్ళను చూసి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది. ఒకసారి మిల్లుకు మిరపకాయలు తెచ్చింది, అప్పుడు అక్కా అని పిలిచాడు, తనకంటే మూడేళ్ళు పెద్ద, ఈ రోజు నుంచి అత్తా అనాలేమోనని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాడు. సిగ్గుపడాల్సింది దానికా!

"రా అన్నా, రా. సీటు దొరికిందా? ఆ బస్సులో నిలబడి వస్తే మన వయసుకు నడుము ఉంటాదా?" రెండు చేతులూ చాపింది, తుండు కోసం, దోసిలి పట్టినట్టు.

"అక్కా, దీన్ని చూడొద్దు." ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. "ఇందులో ఉండేది నాది గాదు. నా చెల్లెలి కూతురిది, దానికి తెలీకుండా తీసుకున్నా. నాకు వేడి ఆగిపోయింది. నీకు మనవడు రాడు నా వల్ల. కేశవ్ అడిగినాడు ముందే, దాచిపెట్టినా. వాడికి బస్సులో తెలిసింది. వాడి తప్పు ఏమీ లేదు."

చాపిన చేతులు అట్లాగే కొంచెంసేపు ఉండి, తర్వాత కిందికి దిగాయి. కనకం అరుగు మీద కూర్చుంది. లోపల కుక్కరు కూత పెట్టింది.

"నాకు ఆగిపోయినప్పుడు నేనూ చెప్పల్యా," అంది చివరికి, నేల వైపు చూస్తూ. "వీళ్ళ నాయనకు చానా దినాలకు తెలిసింది. ఎందుకే దాచినావు అని అడిగితే ఏం చెప్పేది, ఇంక రాత్రిపూట నా పక్కకు తిరగడేమోనని భయం, ఇంకేంది." ముకుందన్ తల ఎత్తాడు. "ఎత్తొద్దు అన్నా తల. నాకప్పటికి ముగ్గురు బిడ్డలు. నేను దాచింది నా మొగుడి దగ్గర, నువ్వు దాచింది వీడి బతుకు కాడ. రెండూ ఒకటి గాదు."

"కాదక్కా."

"ఏరా, నువ్వేమంటావు?"

కేశవ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, మాట్లాడనన్నవాడు. "బిడ్డ కావాలమ్మా నాకు."

"అది తెలుసు. ఈయన?"

"ఈయనా కావాల." గోరుతో గోడ సున్నం గీకాడు. "మొహం చూడబుద్ధి కావడం ల్యా, అయినా కావాల. నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడిగితే? నీ ముక్కు, నీ మొదలాళి." ఆమె లేచింది, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లేచింది. సంచిని వేలితో చూపించింది, ముట్టుకోలేదు. "దాన్ని తీసకపొయ్యి ఆ పిల్లకియ్యి అన్నా. జరిగింది చెప్పి ఇయ్యి. అది ఏమన్నా పడు. ఆ పని కాకుండా ఈ ఇంట్లో నీ మాట ఎత్తేది లేదు, అవునని గాదు, కాదని గాదు. వీడు ఆలోచించుకుంటాడు. నెలయినా, ఏడాదయినా. నువ్వు వచ్చి అడగగూడదు."

"అడగను."

"సరి, చేతులు కడుక్కోండి. తిన్నాక ఏడుద్దురుగానీ ఇద్దరూ."

ఆయన పోతానన్నాడు, ఆమె వినిపించుకోలేదు, అప్పటికే ఆకులు వేస్తోంది. కేశవ్ ఆయన పక్కన కూర్చోలేదు, ఎదురుగా కూర్చున్నాడు, తల ఎత్తకుండా తిన్నాడు, మంచినీళ్ళ చెంబు ఆయనకు అందడం లేదని మాత్రం చూసినట్టుంది, ఎడమచేత్తో ఇటు జరిపాడు, మళ్ళీ తల దించుకున్నాడు. కనకం ముందు పాయసం వడ్డించింది, కాచింది కాబట్టి వడ్డించింది, దానికి వేరే అర్థం ఏమీ లేదని ఆమె మొహమే చెబుతోంది. వంకాయ కూర అయిపోతే అడగకుండానే ఇంకొంచెం వేసింది. తిట్టి ఉంటే ఆకు మడిచి లేచిపోయేవాడు, అదే తనకు తగిందని మోసుకుంటూ బస్సెక్కేవాడు. తిట్టలేదు. లేవడానికి దారి ఇవ్వలేదు. ముద్ద దిగదనుకున్నాడు, దిగింది. కూర బాగుంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఆకలిగా ఉంది, వీళ్ళింటి అన్నం ముందు కూర్చుని ఇంత చేశాక కూడా తనకు ఆకలేస్తోందని తెలిసి చెవుల దాకా సిగ్గు పాకింది. ఆ సిగ్గుతోనే ఇంకో ముద్ద కలుపుకున్నాడు.